బాప్తిస్మం రిజిస్టర్ బీరువాలోనే ఎందుకుంది

మా కడప జిల్లాలో ఏదైనా పల్లె చర్చికి వందేళ్ళు నిండితే ఒక సావనీర్ వేస్తారు. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. అట్ట మీద కొత్తగా రంగులేసిన గుడి, లోపల బిషప్ గారి సందేశం, ఎమ్మెల్యే సందేశం, తర్వాత టోపీ పెట్టుకున్న తెల్లదొర ఫోటో, ఆ దొర ఎప్పుడు ఓడెక్కాడో ఏ జ్వరంతో పోయాడో ఒక పేజీ, ఇక్కడ పనిచేసిన అయ్యగార్ల, అంటే పాస్టర్ల పేర్లు ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా అని ఒక పట్టిక, ఇంక అక్కడ్నుంచి చివరిదాకా సిమెంటు షాపు, బట్టల షాపు యాడ్లు. మరి నాలుగైదు తరాలుగా ఆ గుడిలో చాపలేసుకుని కింద కూర్చున్న జనం ఎవరు, ఎవరి చేలల్లో పనిచేశారు, ఎందుకు కలిశారు, అంటే క్రైస్తవంలోకి ఎందుకు వచ్చారు, కలిసినందుకు ఏం పోగొట్టుకున్నారు, ఒక్క ముక్క ఉండదు.

ఎందుకుండదు అంటే అందరూ చెప్పే జవాబు ఒకటే, మనోళ్ళకి చరిత్ర మీద పట్టింపు లేదు అని. నేనొప్పుకోను. పట్టింపు లేక కాదు, భయం ఉండి. ఆ భయం ఉత్తది కూడా కాదు.

ఈ గొడవ నా బుర్రలో పెట్టింది జహీరాబాద్ వైపు ఫ్రెండ్ ఒకడు, నాతో పాటు డిగ్రీ చదివాడు. వాళ్ళ పల్లెలో ఉన్నది మెథడిస్ట్ చర్చి, దాని చరిత్ర రాసి నాకు పంపించి, మీ ఊరిది కూడా రాయి అని పట్టుకున్నాడు. మెథడిస్టులు మా సీమలో పనిచెయ్యలేదు కాబట్టి మావాళ్ళకి ఆ పేరు పెద్దగా తెలీదు. తెలుగునాట వాళ్ళు రెండు రకాలు. ఇంగ్లాండు నుంచి వచ్చిన వెస్లియన్లు మెదక్, హైదరాబాద్ వైపు పనిచేశారు, మెదక్‌లో 1924 క్రిస్మస్ రోజు తెరిచిన ఆ పెద్ద చర్చి పాస్నెట్ దొర కట్టించింది, అది వాళ్ళదే. అమెరికా నుంచి వచ్చిన మెథడిస్టులు వికారాబాద్, జహీరాబాద్, బీదర్ వైపు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, పుట్టినప్పుడు బ్రిటిష్ మెథడిస్టులూ, ఆంగ్లికన్లూ, మా లండన్ మిషన్ వాళ్ళు ఉన్న ఎస్ఐయూసీ అనే ఉమ్మడి సంఘమూ, అందరూ ఒకటైపోయారు, అమెరికన్ మెథడిస్టులు మాత్రం కలవలేదు. అందుకే మెదక్‌లో బోర్డు సీఎస్ఐ అని ఉంటుంది, జహీరాబాద్‌లో ఇప్పటికీ మెథడిస్ట్ అనే ఉంటుంది.

వాడు రాసిన దాంట్లో నాకు బాగా నచ్చింది దొరల కథలు కాదు, లిస్టులు. మెథడిస్టుల కథే లిస్టులతో మొదలైంది. 1742లో ఇంగ్లాండులో బ్రిస్టల్ అనే ఊర్లో ప్రార్థన మందిరం కట్టిన అప్పు తీరక తలా వారానికి ఒక పెన్నీ వేసుకుందామనుకున్నారు, పన్నెండు మందికి ఒక లీడర్ని పెట్టారు, ఇవ్వలేనోళ్ళ పెన్నీ నేనేస్తా అని ఒకాయన ముందుకొచ్చాడు. చందా వసూలుకి పెట్టుకున్న ఆ గుంపులే తర్వాత క్లాసులు అయినాయి, వారం వారం కూర్చుని ఒకరి మంచిచెడ్డలు ఒకరు అడిగి తెలుసుకోడానికి. మూడు నెలలకోసారి సభ్యులకి టికెట్లు ఇచ్చేవాళ్ళు, నడత బాగాలేకపోతే టికెట్ రాదు. ప్రసంగం చెప్పేవాడు గుర్రమెక్కి ఊర్లు తిరుగుతా ఉంటే పల్లెలో సంఘాన్ని నడిపింది ఈ లీడర్లే, కూలోళ్ళూ చేతిపనులోళ్ళూ. అందుకే అక్కడ మారుమూల పల్లె మెథడిస్ట్ చర్చి చరిత్ర రాయాలన్నా మామూలు మనుషుల పేర్లు దొరుకుతాయి, ఎవరు ఎంత వేశారో కూడా.

కానీ మా ఫ్రెండ్ రాసిన దాంట్లో ఒకటి వెలితిగా అనిపించింది. కుటుంబాల గురించి ఇంత రాశాడు, వాళ్ళ కులం ఎక్కడా రాయలేదు, వాళ్ళు ఇప్పుడు ఏం చేస్తున్నారో కూడా రాయలేదు. ఫోన్ చేసి అడిగా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మా అన్న కొడుక్కి ఈమధ్యనే ఉద్యోగం వచ్చింది రా" అన్నాడు.

ఆ మాట అర్థం కానివాళ్ళు ఈ పోస్టు చివరిదాకా చదవాలి, అర్థమైనవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు.

మా వైపు సంగతికొస్తాను. 1800లో నిజాం ఈ జిల్లాల్ని కంపెనీకి రాసిచ్చేశాక లండన్ మిషన్ వాళ్ళు, అంటే ఎల్ఎంఎస్, 1810లో బళ్ళారికి వచ్చారు, 1822లో కడపకి. అనంతపురం 1882 దాకా బళ్ళారి జిల్లాలో ముక్కే. కడప, జమ్మలమడుగు, గుత్తి, అనంతపురం ఎల్ఎంఎస్ పనిచేసిన చోటు అయితే, నంద్యాల, ముత్యాలపాడు వైపు ఆంగ్లికన్ల మిషన్ అయిన ఎస్‌పీజీ, కర్నూలు టౌన్ వైపు అమెరికన్ బాప్టిస్టులు, కోల్స్ స్కూలు వాళ్ళదే. 1947లో బాప్టిస్టులు తప్ప మిగతావాళ్ళు ఒకటైనా నంద్యాల ఎస్‌పీజీ వాళ్ళు చాలామంది మేం రామని భీష్మించుకుని 1970లలో గానీ సీఎస్ఐలోకి రాలేదు, అదొక పెద్ద కథ, ఇక్కడొద్దు. మా ఊర్లో ముసలోళ్ళు ఇప్పటికీ సీఎస్ఐ అనరు, లండన్ మిషన్ అంటారు.

మా పాస్టరేట్ బాప్తిస్మం రిజిస్టర్లు అయ్యగారి ఇంట్లో బీరువాలో ఉంటాయి. పాస్టరేట్ అంటే ఒక అయ్యగారి కింద ఉండే పల్లెలన్నీ కలిపి, ఆయన నెలకోసారి వచ్చి ప్రభు భోజన సంస్కారం ఇచ్చిపోతే మిగతా ఆదివారాలు నడిపేది పల్లెలో ఉండే ఉపదేశే. మెథడిస్టుల గుర్రం పద్ధతి మాకూ ఉంది, కాకపోతే మా అయ్యగారిది టీవీఎస్.

ఒకసారి చూస్తానయ్యగారూ అంటే తీసిచ్చారు. పొడుగ్గా బరువుగా ఉంది, వెనక గుడ్డ అతికించిన అట్ట, తెరవంగానే చెదల మట్టి ఒళ్ళో రాలింది. సిరా ఒకప్పుడు నల్లగా ఉండేదేమో, ఇప్పుడు టీ డికాషన్ రంగుకొచ్చింది. స్కేలు పెట్టి నిలువు గీతలు కొట్టి, నంబరు, తేదీ, పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, వృత్తి, ఇచ్చినవారు, సాక్షులు. వయసు దగ్గర అన్నీ ఇరవై, ముప్పై, నలభై, ఒక్కరికి కూడా ముప్పై మూడు లేదు, పుట్టినతేదీ ఎవరికి తెలుసు గనక, దొర మొహం చూసి వేసిన వయసులు. వృత్తి దగ్గర పైనుంచి కిందికి కూలి, కూలి, కూలి, మధ్యలో ఒక తలారి, ఇద్దరు నేత, మళ్ళీ కూలి, అక్కడ రాసేవాడికి విసుగొచ్చినట్టుంది, రెండు గీతలు పెట్టుకుంటా కిందిదాకా పోయాడు. సాక్షుల దగ్గర వేలిముద్రలు, ఒకటి రెండు చోట్ల సిరా ఎక్కువై ముద్ద అయిపోయింది.

మా జేజినాయన వాళ్ళ నాయన లైను దొరికింది. ఊరి రెడ్డి పద్దు పుస్తకంలో ఆయన పేరు చివర గాడు అని ఉండేదని మా జేజి చెప్పేది, అప్పుపత్రంలో కూడా గాడే. ఇక్కడ గాడు లేదు. పేరుంది, వాళ్ళ నాయన పేరుంది, ఊరుంది. భూమి లేదు కాబట్టి రెవెన్యూ కాగితాల్లో ఆయన లేడు, బడికి పోలేదు కాబట్టి అక్కడా లేడు. అప్పుపత్రాలు పక్కన పెడితే మా వంశంలో ఒక మనిషిని మనిషిగా రాసిన మొదటి కాగితం నాకు తెలిసి ఇదే. మా ఒక్కరికే కాదు, మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో వేలమందికి ఇదే మాట.

ఇంత విలువైన కాగితాన్ని ఎవరూ బయటికి తియ్యరెందుకు?

దానికి ముందు ఇంకో గొడవ తేల్చాలి. ఎందుకు కలిశారు అనేది. ఊర్లో ఎవర్నడిగినా ఠక్కుమని చెప్తారు, గంజికి కలిసినారు, పాలపొడికి కలిసినారు అని. కలిసినోళ్ళ మనవళ్ళు కూడా ఇదే నమ్మి తల దించుకుంటారు, నాకు ఒళ్ళుమండేది అక్కడే. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువులో సీమ సగం ఖాళీ అయిన మాట నిజం, ఆ తర్వాత వేలమంది కలిసిన మాటా నిజం. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ క్లౌ దొర 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం ఇప్పించాడని అందరూ చెప్తారు, కానీ దాని ముందు సంగతి ఎవరూ చెప్పరు. కరువు పని నడిచినన్నాళ్ళు ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు, బకింగ్‌హాం కాలువలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని కూలి ఇచ్చి పని చేయించాడు, కూడు కోసం కలిశారనే మాట రాకూడదనే, కరువు పని అయిపోయాకే మళ్ళీ మొదలుపెట్టాడు. అంటే గంజి ఇచ్చేటప్పుడు వద్దన్నారు, గంజి ఆగిపోయాక వచ్చారు. ఇది ఎక్కడో ఒంగోలు కథ కదా అనకండి, ఆ మిషన్ నడిచిన కంభం, మార్కాపురం 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా కర్నూలు జిల్లాలోవే.

అసలు అంతకుముందు, 1866లోనే, కనిగిరి దగ్గర తాళ్ళకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన తనంతట తానే మిషనరీల్ని వెతుక్కుంటూ పోయి బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ళ బేరం చేసేవాడు, రాజయోగం సాధన చేసిన మనిషి. దొర ఆయన ఊరికి రాకముందే ఆయన ఊరూరా తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. మా వైపు కూడా ఇది పూర్తిగా పరాయి ఆలోచన కాదు. బ్రహ్మంగారి శిష్యుల్లో దూదేకుల సిద్ధయ్య ఉన్నాడు, మాదిగ కక్కయ్య ఉన్నాడు, కులం అడగని గురువు ఒకాయన ఉంటాడని మా జిల్లా పల్లెలకి దొరలు చెప్పక్కర్లేదు, కందిమల్లాయపల్లె ఎంత దూరం గనక. ఒక దేవుడు, ఒక గురువు, రాసుకున్న పుస్తకం, మన పిల్లోళ్ళకి బడి, మన పేరు చివర గాడు లేకుండా పిలిచే మనిషి, ఇవన్నీ కలిపి ఒకచోట దొరికితే పోకుండా ఎట్లుంటారు? అందులో గంజి కూడా ఒకటి అనుకోండి, తప్పేంది. ఆకలైనోడు అన్నం పెట్టినోడి దగ్గరికి పోయినాడని వెక్కిరించేవాడు, ముందు ఆ ఆకలి ఎవరు పెట్టారో చెప్పాలి.

బడి సంగతి ఒక్కమాట. పల్లె గుడి అంటే అప్పట్లో వారమంతా బడి, ఆదివారం గుడి, ఒకటే మిద్దె. కడప బండలు పరిచిన నేల, మట్టి మిద్దె, సున్నం గోడ. పాఠం చెప్పేది ఆ ఉపదేశే, ఆడోళ్ళ ఇండ్లకి తిరిగేది బైబిల్ స్త్రీలు. మా ఊర్లో మొదట సంతకం నేర్చుకున్న ఆడమనిషి ఒక బైబిల్ స్త్రీ, సావనీర్‌లో ఆమె పేరు లేదు, దొరసాని పేరుంది. ఇప్పుడు ఆ మిద్దెలన్నీ కొట్టేసి స్లాబులేసి టైల్స్ వేస్తున్నారు, జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న ముసలోళ్ళని అడగండి ఎట్లున్నాయో.

సరే, ఇప్పుడు అసలు విషయం. 1936లో ఇంగ్లీషువాళ్ళే ఎస్సీ లిస్టు చేసినప్పుడు క్రైస్తవులు ఇందులోకి రారు అన్నారు. 1950 ఆగస్టు 10న మన రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, దాంట్లో మూడో పేరా, హిందువులు కానివాళ్ళు ఎస్సీలు కారు అని. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవులూ ముస్లింలూ బయటే. ఎస్టీలకి ఈ షరతు లేదు, వాళ్ళు ఏ మతమైనా ఎస్టీనే. మన రాష్ట్రంలో కలిసిన ఎస్సీలకి బీసీ-సీ అని ఒక్క శాతం పెట్టారు, ఎస్సీలకేమో పదిహేను శాతం. 1977లో ఒక జీవో వచ్చింది గానీ అది కొన్ని రాయితీల వరకే, ఉద్యోగం దగ్గర, పోటీ చేసే సీటు దగ్గర పనికిరాదు.

మా ఇంట్లో ఏమైందంటే, మా నాయన బీసీ-సీ అని రాయించుకున్నాడు, మా చిన్నాయన ఎస్సీ అని రాయించుకున్నాడు. ఇద్దరూ ఇప్పుడు లేరు కాబట్టి చెప్తున్నా. ఒకే తల్లి బిడ్డలు, ఆదివారం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు, ఒకే పాటల పుస్తకం. చిన్నాయన గవర్నమెంటు ఉద్యోగం చేసి పెన్షన్ తీసుకున్నాడు, మా నాయన ఒక షాపులో లెక్కలు రాసుకుంటా పోయాడు. మా నాయన నిజాయితీపరుడు, చిన్నాయన మోసగాడు అని మీరు తేల్చేస్తే నాతో పోట్లాటకి దిగాల్సొస్తుంది, ఎందుకంటే ఇద్దరికీ ఊరి హోటల్లో ఒకే గ్లాసులో టీ పోసేవాళ్ళు, అందరి గ్లాసులో కాదు, విడిగా పెట్టిన గ్లాసులో. బాప్తిస్మం నీళ్ళు ఆ గ్లాసు దాకా పోలేదు. 1985లో కారంచేడులో దళితుల మీద జరిగిన దాడిలో చచ్చిపోయినవాళ్ళలో బైబిల్ పేర్లవాళ్ళు ఉన్నారు, గొడ్డళ్ళు పట్టుకుని వచ్చినోళ్ళు నువ్వు ఏ మతం అని అడిగి నరకలేదు. సంఘంలో కూడా ఏం తక్కువ తినలేదులెండి, మాల గుడి వేరు, మాదిగ గుడి వేరు ఉన్న ఊర్లు నేను చూపిస్తా, సమాధుల దొడ్లు కూడా వేరే.

దీని ఫలితం ఎట్లుందో అంకెల్లో కనపడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 జనాభా లెక్కల్లో క్రైస్తవులు 4.19 శాతం, 2011 వచ్చేసరికి 1.34 శాతం. ఈ నలభై ఏళ్ళలోనే ఊరూరా కొత్త చర్చిలు లేచాయి, మైకులు పెరిగాయి, రాత్రి కూటాలకి షామియానాలు దొరకట్లేదు, లెక్కల్లో మాత్రం జనం మాయం. ఎన్యుమరేటర్ వచ్చినప్పుడు కులం చెప్పాలంటే మతం హిందూ అనాలి, ఫారం అట్లా చేసి పెట్టారు. అందుకే మావాళ్ళకి రెండు పేర్లు, ఇంట్లో పిలిచేది ఒకటి, బడిలో రాయించింది ఇంకొకటి. ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరు.

ఇక్కడ రెడ్డి క్రైస్తవుల సంగతి చూడండి, మా సీమలో ఉన్నారు, ఎక్కువమంది కేథలిక్కులు. వాళ్ళ ఇంటి చరిత్రలు వాళ్ళు దర్జాగా రాసుకుంటారు, మా తాతల తాత ఫలానా ఏట కలిశాడు అని పెళ్ళిళ్ళలో చెప్పుకుంటారు. ఎందుకంటే కలిసినందుకు వాళ్ళ సర్టిఫికెట్‌లో ఏదీ పోలేదు. చరిత్ర పట్టింపు అనేది ఒక కులానికి పుట్టుకతో వచ్చి ఇంకో కులానికి రాకుండా పోయింది కాదు. రాసుకుంటే నష్టం లేనివాడు రాసుకుంటాడు, అంతే.

ఇప్పుడు ఆ రిజిస్టర్ మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. తేదీ, పేరు, తండ్రి పేరు, ఊరు. మా వంశవృక్షానికి మొదటి ఆధారం అదే, మా పిల్లల ఉద్యోగాలు ఊడగొట్టడానికి మొదటి సాక్ష్యం కూడా అదే. ఇది ఊహ కాదు. 2024 నవంబర్‌లో పుదుచ్చేరికి చెందిన ఒకామె ఎస్సీ సర్టిఫికెట్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆమె బాప్తిస్మం సంగతి చర్చకొచ్చింది, ఆమె ఓడిపోయింది. 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు, మతం మారి పాస్టరుగా ఉన్నాయనకి అట్రాసిటీ చట్టం వర్తించదు అంది. అసెంబ్లీ 2023 మార్చిలో దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసి పంపించింది, కేంద్రం అంతకుముందే 2022లో మాజీ చీఫ్ జస్టిస్ బాలకృష్ణన్ గారితో కమిషన్ వేసింది. తీర్మానాలు, కమిషన్లు వస్తానే ఉంటాయి, 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసెయ్యమనే చెప్పింది, ఎవరు తీశారు.

అందుకే, అమెరికాలో ఉన్న మా మేనల్లుడు "మామా, రిజిస్టర్లన్నీ స్కాన్ చేసి నెట్‌లో పెట్టేద్దాం, పేరు కొడితే వచ్చేలాగ, నేను సైట్ చేస్తా" అంటే వద్దురా అన్నాను. వాడికి కోపమొచ్చింది, మన చరిత్ర మనమే దాస్తే ఎట్లా అని. వాడు చెప్పింది తప్పని కాదు, వాడికి గ్రీన్‌కార్డు ఉంది, రిజిస్టర్‌లో వాడి పక్క లైను వాళ్ళ మనవరాలికి గ్రూప్ టూ సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ఉంది. ఎవరి భయం మీద ఎవరి చరిత్ర రాస్తాం? ఎవడో పడనివాడు మండలాఫీసులో అర్జీ పెట్టడానికి ఒక స్క్రీన్‌షాట్ చాలు.

అట్లని చెదలకి వదిలెయ్యమని కూడా కాదు. లండన్ మిషన్ దొరలు ఇంటికి రాసిన ఉత్తరాలు, రిపోర్టులు లండన్‌లో సోయస్ (SOAS) అనే యూనివర్సిటీ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి, దొర తిన్న కోడి లెక్క కూడా దొరుకుతుందేమో, మా వేలిముద్రలు మాత్రం మా బీరువాలో మట్టయిపోతున్నాయి. నేననేది ఫోటోలు తియ్యాలి, రెండు కాపీలు రెండు చోట్ల పెట్టాలి, నెట్‌కి ఎక్కించకూడదు, కావాలంటే వందేళ్ళ కట్టుబాటు పెట్టుకోవాలి, ఇంగ్లాండులో జనాభా లెక్కల కాగితాలు కూడా వందేళ్ళు మూసిపెట్టాకే బయటికి ఇస్తారు, వాళ్ళకే లేని తొందర మనకెందుకు. ఎవరి లైను వాళ్ళు అడిగితే చూపించాలి, పక్కవాడి లైను చూపించకూడదు.

ఈలోపు పేర్లు లేకుండా రాయాల్సింది చాలా ఉంది. ఆ రోజుల్లో కూలి ఎంత, ధాన్యం కొలిచారా డబ్బులిచ్చారా, బావి ఎవరు తవ్వించారు, ఆ బావిలో మాదిగోళ్ళని తోడుకోనిచ్చారా లేదా, కలిసినందుకు రెడ్డి ఎంతమందిని పనిలోంచి తీసేశాడు, జమ్మలమడుగు క్యాంబెల్ ఆస్పత్రికి బండి కట్టుకుని పోయేవాళ్ళు దోవలో ఎక్కడ దిగేవాళ్ళు, కోతల పండగ వేలంపాటలో గుమ్మడికాయ ఎంతకి పోయేది. ఇవి చెప్పే ముసలోళ్ళు ఇంకా ఉన్నారు, పేరు రాయనంటే గలగలా చెప్తారు, నేను ఫోన్లో రికార్డు చేస్తున్నా. పేరు రాస్తానంటే మాత్రం మా పెద్దమ్మ కూడా నోరు తెరవదు.

మా గుడి కమిటీ వచ్చే పండగకి మళ్ళీ సావనీర్ వేస్తోంది. నన్ను ఒక వ్యాసం అడిగారు, ఇస్తానన్నా, దొర ఫోటో పేజీ సగానికి తగ్గించి బైబిల్ స్త్రీలకి ఒక పేజీ ఇస్తేనే అన్నా. రిజిస్టర్లకి చెదలు పట్టని ఇనప బీరువా ఒకటి కొనమని కూడా అడిగా. "ముందు సౌండ్ సిస్టమ్ అయిపోనీ అన్నా, తర్వాత చూద్దాం" అన్నారు.